వెంట్రుక నెరవని ఇల్లు

మా తమ్ముడు నన్ను మొదటిసారి రక్తం కారేలా కొట్టినప్పుడు వాడికి ఐదేళ్లుంటాయి. ఇత్తడి చెంబు విసిరాడు, నా కనుబొమ్మ చీలింది. అమ్మ పరుగున వచ్చి నా ముఖానికి పసుపు అద్దుతూ నన్నే తిట్టింది, తాతకు ఎదురెందుకు చెప్పావని. నాయనమ్మ కొంగు తల మీదికి లాక్కుని, వాడి ముందు నేల మీద కూర్చుని చేతులు జోడించింది. వాడు ఇంకో చెంబు కోసం వెతుకుతున్నాడు.

జనగామలో మా ఇంటి సంగతి తెలియనివాళ్లకు ఇది పిచ్చిగా తోస్తుంది. చనిపోయిన పెద్దలు మళ్లీ అదే ఇంట్లో పుడతారని మావాళ్ల నమ్మకం. పుట్టిన బిడ్డ ఒంటి మీద గుర్తు వెతుకుతారు. గుర్తు కనిపిస్తే ఆ పెద్దమనిషి పేరే పెడతారు. పెట్టాక ఆ పేరుతో ఎవరూ పిలవరు. మామ పేరు కోడలి నోట రాకూడదు కదా. అందుకని మా అమ్మ తాను కన్న కొడుకుని ‘మామా’ అని పిలిచేది. పాలిస్తూ కూడా అట్లాగే పిలిచేదట. నన్ను ‘తాతా’ అనమన్నారు. వాడికి మెడ వెనక, వెంట్రుకల అంచున, ఎర్రటి మచ్చ ఉంది. పురిటింట్లో ఆ మచ్చ చూడగానే నాయనమ్మ కళ్లు తిరిగి పడిపోయిందని, చిన్నవయసులో పోయిన మొగుడి మీద ఆమెకు అంత ప్రేమ అని మా ఇంట్లో ముచ్చటగా చెప్పుకునేవాళ్లు.

ఆ తాతను మేమెవరమూ చూడలేదు. మా నాయిన కూడా చూడలేదు. నాయిన నాయనమ్మ కడుపులో ఉండగానే తాత పోయాడు. అప్పుడు మావాళ్లది జఫర్‌గఢ్ దగ్గర పల్లె. తాగి పడుకున్న మనిషి గుండె ఆగిపోయిందని చెప్పేవాళ్లు. ముప్పై దాటి ఎంతో కాలం కాలేదట. మాట వినని ఎద్దు కంట్లో ముల్లుగర్ర పొడిచిన మనిషి. నాయనమ్మ వీపు మీద, చేతుల మీద ఆయన ఆనవాళ్లు ఆమె కాటికి పోయేదాకా ఉన్నాయి. అయినా ఇంట్లో ఆ కోపం గురించి ఒక ఘనతలాగే చెప్పుకునేవాళ్లు. తమ్ముడు కుక్కపిల్లను బావిలో పడేసినా, బడిలో తోటివాడి చెవి కొరికినా ‘తాత రక్తం’ అని నవ్వేవాళ్లు. పెత్రమాస అమావాస్య నాడు చనిపోయిన పెద్దలకు మాంసం, కల్లు పెడతాం. మా ఇంట్లో ఆ కల్లు విస్తరి పక్కన పెట్టేవాళ్లు కాదు. తాత ఎదురుగా కూర్చుని ఉండగా విస్తరికెందుకని వాడి నోట్లో పోసేవాళ్లు. పాలపళ్లు ఊడని నోట్లో.

నన్ను బడికి పంపలేదు. ఇంట్లో తాతను చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. నాయిన మార్కెట్లో ధాన్యం తూకం వేసే దడువాయి. సాయంత్రం ఇంటికొచ్చాక ఖాళీ గోనెసంచి పరిచి, బొగ్గుతో అక్షరం రాసి, దాని మీద నా వేలు దిద్దించేవాడు. ఇవాళ నేను రాసే ప్రతి అక్షరం ఆ గోనెసంచి మీదిదే. పొద్దున దీపం పెట్టినప్పుడు దేవుడి కంటే ముందు ఆయనకే దండం పెట్టుకుంటాను, దేవుడు తప్పు పట్టడనే అనుకుంటాను. నాయిన ఎవరి మీదా చెయ్యెత్తగా నేను చూడలేదు. వాడు కూడా పిల్లగాడే కదా అమ్మా అని ఒక్కసారి నాయనమ్మతో అన్నాడు. ఆమె పెట్టిన ఏడుపుకు భయపడి మళ్లీ అనలేదు.

ఆ నాయిన నలభై ఆరేళ్లకే పోయాడు. తాగడు, చుట్ట ముట్టడు, పొద్దున్నే నడిచి మార్కెట్‌కు పోయేవాడు. రెండు ఎండాకాలాలు ఎడమ భుజం లాగుతోందని గోలీసోడా తాగాడు, గ్యాసని. ఒక మధ్యాహ్నం కాంటా ముందు బస్తాల మీద ఒరిగాడు, మళ్లీ లేవలేదు. పాడె లేచేటప్పుడు ఏదో మాట మీద తమ్ముడు డప్పు కొట్టేవాళ్ల మీద పడ్డాడు. ఒకాయన ముందుపళ్లు రాలాయి. నాయినను భుజాల మీద నుంచి దించి, కొట్లాట విడిపించి, మళ్లీ ఎత్తుకోవలసి వచ్చింది. ఆరోజే ఎవరో అన్నారు, మీ ఇంటి మొగోళ్లకు వెంట్రుక నెరవది అని. ఆ మాట తమ్ముడు పట్టుకున్నాడు. పచ్చబొట్టులాగా లోపల పొడిపించుకున్నాడు.

నాకు పెళ్లయి భూపాలపల్లి వచ్చాను. మా ఆయన బొగ్గుబావిలో పని. షిఫ్టు నుంచి తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆ నల్లటి ముఖం చూసి లోపల్లోపల దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. భూమి లోపలికి దిగేవాడు భద్రంగా ఇంటికొచ్చేవాడు, నేల మీద నడిచే నా తమ్ముడి గురించే భయం. వాడు డీసీఎం వ్యాను నడిపేవాడు. రోజూ తాగేవాడు. నర్మెట్ట నుంచి తెచ్చిన మా మరదలిని ఎందుకు కొట్టాడో వాడికే గుర్తుండేది కాదు. నీళ్లు వేడిగా ఉన్నాయని, చల్లగా ఉన్నాయని. నేను పోయి తిడితే నవ్వేవాడు. "ఇంకెన్నొద్దులే అక్క, నాయిన వయసు రాంగనే నేనూ పోత. అప్పటిదాక నా ఇష్టం."

మొన్నటి సంక్రాంతి దాటాక నలభై నాలుగో ఏట, వడ్ల బస్తాలు ఎత్తుతూ వాడూ కూలబడ్డాడు. హనుమకొండ దవాఖానకు తీసుకుపోయారు. నేను చేరేసరికి పరీక్షలు అయిపోయాయి. గుండెకు రక్తం తీసుకుపోయే నాళాలు చాలావరకు మూసుకుపోయాయని, వెంటనే స్టెంట్లు వేయాలని డాక్టర్ అన్నాడు. తండ్రి ఎప్పుడు పోయాడు, తాత ఎప్పుడు పోయాడు అని అడిగాడు. చెప్పాం. తాత ముప్పైల్లోనే గుండె ఆగి పోయాడనగానే ఆయన ముఖం మారింది. మీ ఇంట్లో ఇది రక్తంలోనే గట్టిగా ఉన్నట్టుంది అన్నాడు. రక్తంలో వచ్చేది కొంత, తాగుడూ తిండీ కోపమూ తెచ్చేది కొంత, ఏది ఎంతో తూచి చెప్పలేను గానీ రెండోది మాత్రం మీ చేతిలో ఉంది అని కూడా అన్నాడు. తమ్ముడు ఆ రెండో మాట వినలేదు.

"తూచి చెప్పనస్తలేదంట. మా నాయిన ఉంటే తూచెటోడు," అని చేతికున్న సూది పీకేసుకుని లేచాడు. ఆపబోయిన ఆస్పత్రి మనిషిని గోడకేసి కొట్టాడు. పరుపు మీద, నేల మీద రక్తపు చుక్కలు. అట్లాగే చెప్పుల్లేకుండా బయటికి నడిచాడు.

జనగామ పోయి తాగాడు. మందుగోళీలు తెచ్చి ఎదురుగా పెట్టినందుకు మా మరదలి చెయ్యి మెలితిప్పి తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. ఎముక విరిగిన చప్పుడు పక్కింటివాళ్లు విన్నారు. నేను మర్నాడు పోయేసరికి ఆమె చేతికి పిండికట్టుతో సంచి సర్దుకుంటోంది. "ఆయన సస్తడో బతుకుతడో నాకు తెల్వది వదినె. నేనైతే సావదల్సుకోలే," అంది. నేనే ఆమెను నర్మెట్ట బస్సు ఎక్కించాను.

ఇంట్లో అమ్మ గోడకానుకుని ఏడుస్తోంది. మామ గట్లనే పోయిండు, మీ నాయిన గట్లనే పోయిండు, ఇప్పుడు మామ మళ్ల పోతడు అని. తాత, నాయిన, కొడుకు ముగ్గురూ ఆమె మాటల్లో ఒకే శవమయ్యారు. తమ్ముడు మంచం మీద పడుకుని, రొమ్ము రుద్దుకుంటూ, అది విని తల ఊపుతున్నాడు. వాడు బతకాలని ఆ ఇంట్లో అనుకుంటున్నది నేనొక్కదాన్నే అనిపించింది. నిజం చెప్పాలంటే తలుపు సందు చూశాక నాకూ గట్టిగా అనిపించలేదు. దేవుడి గూటి ముందు కూర్చుని, ఏమని అడగాలో తెలియక ఊరికే కూర్చున్నాను. అప్పుడే మానుకోట అవ్వ గుర్తొచ్చింది.

మహబూబాబాద్‌ను మేమింకా మానుకోట అనే అంటాం. అక్కడుండే అవ్వ మా తాతకు తోడబుట్టిన చెల్లెలు. తొంభై దాటింది, తన పని తానే చేసుకుంటుంది. అన్న మళ్లీ పుట్టాడని కబురు పెట్టినా చూడటానికి రాలేదని, రాఖీ కట్టడానికీ ఏనాడూ రాలేదని మావాళ్లు ఆమెను తిట్టుకునేవాళ్లు. నా ఆలోచన ఒక్కటే. ఆమెదీ అదే రక్తం. ఆ రక్తంతో తొంభై ఏళ్లు బతికిన మనిషిని వాడు కళ్లతో చూడాలి. ఏం తింటుందో, ఎట్లా బతికిందో ఆమె నోటే వినాలి. చెల్లెలిని చూసి పోదాం రా తాతా అన్నాను. ఆ పిలుపుతో వాడు కదులుతాడని నాకు తెలుసు. కదిలాడు. జనగామలో రైలెక్కాం. దారి పొడుగునా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు.

మిరపకాయల కాలం. మానుకోటలో గాలి పీలిస్తేనే దగ్గొస్తుంది. అవ్వ వాకిట్లో ఎర్రటి కుప్ప ముందు కూర్చుని తొడిమెలు తుంపుతోంది. నోట్లో చుట్ట ఉంది. తమ్ముడు నా వైపు చూసి, గిదానా నువ్వు చెప్పిన మంచి అలవాట్లు అన్నాడు. అవ్వ విన్నది.

"చుట్ట తాగుతనే. నన్ను జూసి నేర్సుకోకుండ్రి," అని నవ్వి, వాడిని పేరు పెట్టి పిలిచింది. సూటిగా, ఆ పేరుతో. వాడు ఉలిక్కిపడ్డాడు. నలభై నాలుగేళ్లలో మా ఇంటివాళ్లెవరూ వాడిని ఆ పేరుతో పిలవలేదు. దగ్గరికి రమ్మని గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మా అన్న పోలిక ఒక్కటి లేదు, మీ అమ్మ వైపు ముఖం అంది. వాడు తల వంచి మెడ వెనక మచ్చ చూపించాడు, పోలిక లేదంటావా అన్నట్టు. ఆమె మిరపకాయ వేళ్లు చీరకు తుడుచుకుని ఆ మచ్చను ముట్టుకుంది. గిట్లాంటి మచ్చ నా మనుమరాలికీ ఉంది, మరి ఆమె ఎవ్వలు అంది.

నేను వచ్చిన పని చెప్పాను. డాక్టర్ మాట, వాడు సూది పీకేసుకోవడం, తాత పోయిన వయసు, నాయిన పోయిన వయసు. తాతలాగే గుండె ఆగి పోతానని కూర్చున్నాడు అవ్వా, నువ్వన్నా చెప్పు అన్నాను. ఆమె తొడిమె తుంపడం ఆపింది. చుట్ట ఆర్పి పక్కన పెట్టింది.

"మీ తాత గుండె ఆగి సావలే కొడకా. నేనే కొట్టి సంపిన."

తర్వాత ఆమె చెప్పింది అంతా గొంతు పెంచకుండా, తగ్గించకుండా చెప్పింది. బతుకమ్మ పండుగకు పుట్టింటికి వచ్చిందట. దీపాలు పెట్టే వేళ అన్న తాగి వచ్చాడు. అన్నం చల్లారిందని వదినను జుట్టు పట్టి కొట్టంలోకి ఈడ్చి, కుడితి గోలెంలో తల ముంచాడు. ఎత్తాడు, ముంచాడు. ఆమె నిండు నెలలతో ఉంది. కాళ్లు కొట్టుకోవడం ఆగిపోతోంది. అవ్వకు అప్పుడు పద్దెనిమిదేళ్లుంటాయేమో. గోడకానించిన రోకలి తీసి వెనక నుంచి మెడ మీద కొట్టింది. ఒక్కటే దెబ్బ. ఎవరో పిలిచినట్టు ఆగి, పక్కకు ఒరిగిపోయాడు. ఆడవాళ్లిద్దరూ కలిసి రక్తాన్ని కుడితి నీళ్లతో కడిగారు. మెడకు తువ్వాల చుట్టి మంచం మీద పడుకోబెట్టారు. పొద్దున ఊరికి చెప్పారు, తాగి పడుకున్నాడు, గుండె ఆగిందని.

"ఎవ్వలూ అడగలే," అంది. "అడిగేటంత దుఃఖం ఎవ్వలకూ లేకుండె."

నాయనమ్మ పురిటింట్లో ఎందుకు పడిపోయిందో నాకు అప్పుడు తెలిసింది. మచ్చ సరిగ్గా దెబ్బ పడ్డ చోట ఉంది. ఆమె వాడి ముందు చేతులు జోడించింది ప్రేమతో కాదు. తాను కడిగి పడుకోబెట్టిన మనిషి లెక్క అడగడానికి తిరిగొచ్చాడనుకుంది. అడిగినప్పుడల్లా కల్లు పోసింది, కొట్టినప్పుడల్లా ఒంగింది. ఇల్లంతా ఆమెను చూసి ఒంగింది.

తమ్ముడు లేచాడు. మిరపకాయల కుప్పను తన్నాడు. ఆ ఘాటుకు ఊపిరాడక దగ్గుతూనే అవ్వ మీద చెయ్యెత్తాడు. నేను ఆ చేతికి వేలాడాను. విదిలించి కొట్టాడు. నా నుదురు దర్వాజాకు తగిలి రక్తం కళ్లలోకి జారింది. అవ్వ లేవలేదు. ఎత్తిన ఆ చేతి కిందే కూర్చుని, ఏడుస్తున్న కళ్లతో పైకి చూసింది.

"కొట్టు. కానీ నీ తాత రక్తమని మాత్రం అనకు. మా అన్న కొట్టంగ నువ్వెన్నడన్న సూసినవా? నీకు నేర్పిన్రు. గదే రక్తం మీ నాయినల లేదా? ఆయన ఎవ్వలనన్న కొట్టిండా? గదే రక్తం నాది. నేను ఒక్కసారి ఎత్తిన, మళ్ల ఎన్నడు ఎత్తలే. గొడ్డునూ కొట్టలే."

వాడి చెయ్యి గాల్లోనే ఉంది. తర్వాత అది కిందికి దిగి తన రొమ్మునే పట్టుకుంది. ముఖమంతా చెమట. నేలకు జారి మిరపకాయల్లో కూర్చున్నాడు. నిజంగా పోతున్నాడనుకున్నాను. నా రక్తం నేను తుడుచుకోవడం మరిచిపోయి దేవుణ్ణి పిలిచాను. అవ్వ నీళ్లు తాగించింది. వాడు వద్దంటున్నా జేబులు వెతికి, నేను జనగామలో బలవంతంగా పెట్టిన గోళీ తీసి నాలుక కింద పెట్టాను. ఊపిరి నెమ్మదిగా దారిలో పడింది.

అవ్వ మనుమడు ఆటోలో స్టేషన్‌కు దింపాడు. ప్లాట్‌ఫాం బల్ల మీద కూర్చున్నాక తమ్ముడు తన రుమాలు తడిపి నా నుదుటికి అదిమాడు. చిన్నప్పటి నుంచి నన్ను ఎన్నోసార్లు గాయపరిచాడు గానీ, గాయాన్ని ముట్టుకోవడం అదే మొదలు. వెలుతురులో వాడి గడ్డం దగ్గరగా చూశాను. చెంపల మీద తెల్లవెంట్రుకలు ఉన్నాయి.

"నాయినదైతే నిజమే గద అక్క?" అన్నాడు.

అబద్ధం చెప్పలేదు. నిజమే అన్నాను. ఆ రక్తం నీలో ఉంది, నాలోనూ ఉంది. నాయినకు రెండేళ్లు నొప్పి వచ్చినా చెప్పేవాళ్లు లేక సోడా తాగాడు, నీకు చెప్పారు, నువ్వు సూది పీకేశావు అన్నాను.

"గట్లయితే నేను ఎవ్వలను?"

హనుమకొండ పోదామా అన్నాను. హనుమకొండకు దిగాల్సిన కాజీపేటలో రైలు ఆగినప్పుడు నేను లేచాను. వాడూ లేచాడు.

స్టెంట్లు వేశారు. తాతది గుండె కాదు, దెబ్బ తగిలి పోయాడు అని డాక్టర్‌కు చెప్పాను, ఎట్లా తెలిసిందో చెప్పలేదు. అయితే భయం కొంత తగ్గింది, మీ నాయినది మాత్రం లెక్కలో ఉంది, నువ్వు కూడా పరీక్ష చేయించుకో అన్నాడు. మా ఇంట్లో ఈ రక్తం మొగోళ్లదే అనుకుని నన్ను ఎప్పుడూ ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. చేయించుకున్నాను. నా రక్తంలోనూ కొవ్వు ఎక్కువే ఉంది. ఇప్పుడు చెల్పూర్ వైపు రోడ్డు మీద కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించేదాకా పొద్దున్నే నడుస్తున్నాను. నడిచేటప్పుడు కుడితి గోలెం గుర్తొస్తుంది. ఆ రోకలి దెబ్బ పడకపోతే నాయిన నాయనమ్మ కడుపులోనే పోయేవాడు, గోనెసంచి మీద అక్షరాలూ ఉండేవి కావు. హత్యకు కృతజ్ఞత చెప్పడం తప్పో ఒప్పో నాకు తెలియదు. ఆ దెబ్బ పేరెత్తకుండా, నడిచే దారంతా చెప్పుకుంటాను.

తమ్ముడు మారిపోయాడని రాయలేను. తాగుడు మానాడు, అది నిజం. మొదటి నెలల్లో గోడలకు తల కొట్టుకున్నాడు, టీవీ పగలగొట్టాడు, ఒకరోజు అమ్మ మీదికి ప్లేటు విసిరాడు. తర్వాత తానే ముక్కలు ఏరాడు. రెండుసార్లు నర్మెట్ట పోయాడు. మరదలు తన అన్నను పక్కన కూర్చోబెట్టుకుని అరుగు మీదే మాట్లాడి పంపింది. ఆమె చెయ్యి కొంచెం వంకరగా అతుక్కుంది. తిరిగి రాలేదు. రమ్మని నేను అడగలేదు, అడగను కూడా.

మొన్న పెత్రమాసకు జనగామ పోయాను. అమ్మకు అంతా చెప్పి నెలలైంది. విని, చచ్చిన అత్తను రెండు రోజులు తిట్టి, తర్వాత నోరు మూసుకుంది. ఆ రోజు అలవాటుగానే గ్లాసులో కల్లు పోసి తెచ్చి, వాడి ముందు నిలబడిపోయింది. వాడు గ్లాసు తీసుకున్నాడు. వాడు వాకిట్లోకి నడిచి, విస్తరి పక్కన మట్టిలో మొత్తం వంచేసి, ఖాళీ గ్లాసు తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు.

అమ్మ లోపలికి పోయి గోళీల డబ్బాతో వచ్చింది. "మా..." అని ఆగింది. కొంగుతో నోరు తుడుచుకుంది. నలభై నాలుగేళ్లు పలకని పేరు కదా, నాలుక తిరగాలి. చివరికి మెల్లగా, కొత్తగా నేర్చుకున్న మాటలాగా, వాడిని పేరు పెట్టి పిలిచింది.

"గోళీ ఏసుకున్నవా?"

"ఏసుకోలే అమ్మ," అన్నాడు. చెయ్యి చాచాడు.